పాసంగం

మా ఊళ్ళో తుమ్ము శకునం చెల్లదు.
మిర్చి యార్డు మీంచి గాలి తిరిగిందంటే
పెళ్ళికొడుకూ తుమ్ముతాడు, పురోహితుడూ తుమ్ముతాడు.
ఒంటి తుమ్ముకి ఆగేవాళ్ళమైతే
గుంటూరు స్టేషన్లో ఒక్క రైలూ కదిలేది కాదు.

ఈ మాట నేనన్నాను. పున్నారావు ఒప్పుకోలేదు.
"ఘాటుకొచ్చిన తుమ్ము లెక్కలోకి రాదోయ్,
జలుబుదీ రాదు. కారణం లేకుండా వస్తేనే శకునం."
ముప్పయ్యేళ్ళ ప్లీడరు గుమాస్తా,
తుమ్ముకి కూడా మినహాయింపులు రాసి పెట్టుకున్నాడు.

బ్రాడీపేట నాలుగో లైను మొగదల
మస్తాన్‌వలి టీ బండి, పక్కనే నా జిరాక్సు కొట్టు.
కరెంటు పోతే నాకు పనుండదు.
వాళ్ళకి ఉన్నా పోయినా ఒకటే.
గోడ దాటొచ్చిన కొమ్మకి కాసిన మునక్కాయలు ఎవరివి?
రాత్రిపూట గోళ్ళు తీస్తే అప్పులపాలవుతారా,
మరి పగలు తీసుకున్న మా బావకెందుకయ్యాయి?
బండి వెనక కూర్చున్న ఆడమనిషికీ హెల్మెట్టుండాలా,
ఉంటే పూలజడ ఎక్కడ పెట్టుకోవాలి?
ఎవరూ ఎవర్నీ గెలవలేదెప్పుడూ.
గ్లాసులు మాత్రం ఖాళీ అయ్యేవి.

మొన్నటిది పది రూపాయల బిళ్ళ మీద.
"చెల్లదు. బంకులో నా మొహాన కొట్టారు,"
అన్నాడు ఆటో ఏసుపాదం.
"పది గీతలున్నది అసలుది, పదిహేనుంటే దొంగది,"
పాలు పొంగకుండా ఊదుతూ మస్తాన్‌వలి.
పున్నారావు లేచి నిలబడ్డాడు.
"రెండూ అసలువే! సర్కారు ముద్ర కొట్టిన నాణేన్ని
కాదనడానికి నువ్వెవరు, నేనెవరు?"
గంటసేపు. చట్టం, సింహాలు, గీతలు.
చేతులు మారీ మారీ బిళ్ళ వేడెక్కింది.
నా గల్లాపెట్టె అడుగున పడున్న పద్నాలుగూ
ఆ గంటసేపు నిజంగానే
నూట నలభై రూపాయలయ్యాయి.

టీకి ఇరవై నోటిచ్చాడు పున్నారావు.
చిల్లరగా ఆ బిళ్ళే
అతని అరచేతిలో పెట్టాడు మస్తాన్‌వలి.
ఓడిపోయే కేసు తెచ్చిన కక్షిదారుణ్ణి చూసినట్టు
దాన్ని చూశాడు.
"నోటుంటే ఇవ్వరా," అన్నాడు, మెల్లగా.

ఎవరైనా నవ్వితే బాగుండేది.
మస్తాన్‌వలి జేబులన్నీ తడిమి నోటిచ్చాడు.
నేను కాగితాలు సర్దుకున్నాను,
సర్ది ఉన్నవే.

పచ్చిమిరపకాయల బండి ఆపి నాంచారమ్మ అడిగింది,
"మీకక్కర్లేకపోతే అదిట్టా పడేయండయ్యా."
ఆమె తక్కెడకి ఎడంతట్ట తేలిక.
పాసంగానికి కట్టుకున్న గులకరాయి
పట్టాభిపురం గతుకుల్లో ఎక్కడో రాలిపోయింది.
బిళ్ళని గుడ్డపీలికలో మూటగట్టి
తట్ట కింద వేలాడదీసింది.
ముల్లు అటు వణికి, ఇటు వణికి,
నడిమధ్య నిలబడింది.
బదులుగా గుప్పెడు కాయలు తీసి
తూచకుండానే టీ బండి మీద పోసి పోయింది.

"ఏడు గ్రాములుంటుందా అది?"
"తొమ్మిది."
"నీకెవరు చెప్పారు?"

పున్నారావు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.
యార్డు వైపు నుంచి గాలి తిరిగింది.
తుమ్మాడు. ఒక్కటే.
అటూ ఇటూ చూసి
మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.
అది ఘాటుదేనా అని
నేనడగలేదు.