పదికి ఎంత

నా థీసిస్‌కి అరవై మంది కావాలి.
చెయ్యి ఆపరేషనయ్యాక
మెడ పక్కన సన్నటి గొట్టం పెట్టి
బెలూన్ పంపులోంచి చుక్కచుక్కగా మందు పంపితే
ఆ రాత్రి నొప్పి ఎంత తగ్గుతుందో లెక్క.
నాలుగు గంటలకోసారి మంచం దగ్గరికెళ్ళి
ఒకటే ప్రశ్న అడగాలి:
సున్నా అంటే నొప్పే లేదు, పదంటే ఓర్చుకోలేనంత,
ఇప్పుడు పదికి ఎంత?

తిరుపతిలో దీనికి జవాబు తిన్నగా రాదు.
ఏర్పేడు లారీ డ్రైవరు
"పోటు లేదు మేడమ్, సలుపుండాది" అన్నాడు.
సలుపుకి ఫారంలో గడి లేదు.
పుత్తూరు కట్టు విప్పేసి
తొమ్మిదో రోజు మా దగ్గరికొచ్చిన పెద్దాయన
"కట్టేటప్పుడు చూడాల, ఇదేం నొప్పి" అని నవ్వి
మూడు వేసుకో అన్నాడు,
వంకాయలు బేరమాడినట్టు.

నలభై ఒకటో కేసు మొగిలమ్మ.
బంగారుపాళెం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
టెంకలు తీసే మిషన్లో కుడిచెయ్యి.
మధ్యాహ్నం రెండుకి సున్నా.
ఆరుకి సున్నా.
రాత్రి పదికి సున్నా.
ఇలాంటివాళ్ళు ఇంకో పదిమంది దొరికితే
నా గ్రాఫు కొండ దిగినట్టు దిగుతుంది
అనుకున్నాను.
దాచను, అలాగే అనుకున్నాను.

తెల్లవారుజాము రెండింటికి నాడి నూట ఇరవై రెండు.
దుప్పటి అంచు ఎడమ పిడికిట్లో నలిగి
తాడైపోయింది.
"పదికి ఎంతమ్మా?"
"సున్నానే పాపా."

దిండు సర్దబోతే చేతికి తడి తగిలింది.
చెమటనుకున్నాను.
చెమట అంత చల్లగా ఉండదు.
గొట్టం కలిసే చోట వదులు,
మధ్యాహ్నం నుంచీ మందంతా దిండే తాగింది.
ఆరింటి సున్నా నిజమే,
ఆపరేషన్‌కిచ్చిన మందు అప్పటికింకా దిగలేదు.
పదింటికి నేను రాసుకున్నది మాత్రం
దిండు నొప్పి.

గొట్టం మార్చి, మందు ఎక్కించి
స్టూలు లాక్కుని కూర్చున్నాను.
"ఎందుకు చెప్పలేదమ్మా?"
"మందు పోతా ఉండాదని నువ్వే చెప్తివి కదా పాపా.
మందుండే ఇంత నొస్తా ఉంటే
లేకుంటే ఎంత నొచ్చేదో అని
గమ్మునుంటి."

కాసేపటికి తనే అంది:
"ఈ అంకెలు నాకు తెల్దు.
రెండేండ్ల కిందట కొండకి నడిచిపోయినా.
తలయేరు గుండుకి మోకాళ్ళు ఆనించి
నొప్పులన్నీ దానికిచ్చి బయల్దేరినా.
గాలిగోపురం కాడికే మళ్ళీ నాకిచ్చేసింది.
ఇందాక నువ్వొచ్చినప్పుడు
మోకాళ్ళ పర్వతం మీదుంటి.
ఇప్పుడు దిగతా ఉండా.
గుండు ఇంగా కనపడలా."

ఫారంలో ఆ గడిలో ఏం వెయ్యాలో తెలీక
పెన్ను మూత పెట్టేశాను.

పొద్దున సంఘటనల రిజిస్టరు తీయించాను.
బీరువా పైన, దుమ్ము పట్టిన నీలం అట్ట.
చివరి నమోదు పోయినేడాది ఆగస్టుది.
అంటే ఏడాదిగా మా వార్డుల్లో
ఏ తప్పూ జరగలేదన్నమాట.
అదీ ఒక సున్నానే.
టైము రాశాను, నా పేరు రాశాను,
"జాయింటు చేత్తో తడిమి చూడలేదు,
రోగి చెప్పిన అంకెనే నమ్మాను" అని రాశాను.
గైడు గారు కళ్ళజోడు పైకి తోసుకుని
"ఈ కేసు తీసెయ్, ఇంకొకర్ని చేర్చుకో" అన్నారు.
తియ్యలేదు.
గ్రాఫులో ఒక చోట ముల్లులా నిలబడి ఉంది.

ఇప్పుడు మంచం దగ్గరికెళ్తే ముందు
దిండు తడుముతాను.
తర్వాతే అడుగుతాను, ఎన్నో మెట్టు మీదున్నారని.

నలభై రెండో ఆయనది సత్యవేడు.
కొండకి ఎప్పుడూ బస్సులోనేనట,
మెట్లదారి ఎటుందో కూడా తెలీదట.
నా వైపు చూస్తున్నాడు.
ఏమని అడగాలో ఆలోచిస్తున్నాను.