పిండి పొంగేదాకా

పిండి పొంగడానికి నలభై నిమిషాలు.
పని మొదలెట్టడానికి ఎక్కువ, కునుకు తియ్యడానికి తక్కువ.
రాత్రి రెండున్నర. కుతాయిసి ఊరంతా పడుకుంది.
రియోని నది మేలుకుని ఉంది,
దాని తర్వాత మేం నలుగురం.

మా బట్టీ మట్టితో కట్టిన బావి లాంటిది.
రొట్టెని దాని లోపలి గోడకి అంటించాలంటే
నడుం దాకా నిప్పులోకి వంగాలి.
అందుకే జౌరికి కనుబొమ్మలు ఎప్పుడూ సగమే.

"ఈమధ్య ఏం ఆడుతున్నారు?" అంటాడు నుక్రి,
ఇంకెవరైనా "భోంచేశారా" అన్నంత మామూలుగా.
అడిగినవాడే ముందు చెప్పేస్తాడు, అది వాడి అలవాటు.

నుక్రి పుట్టింది తొమ్మిదో అంతస్తులో.
కుండీలో పుదీనా కూడా వాడి చేతిలో బతకలేదు.
ఫోన్‌లో మాత్రం పదకొండు మళ్ళు, ఒక గాడిద.
గాడిదకి మా ఓనరు పేరు పెట్టాడు.
"నిన్న వడగళ్ళు పడ్డాయి," అన్నాడు.
"ముల్లంగి మొత్తం పోయింది. విత్తనాల ఖర్చు కూడా రాలేదు."
వాడి గొంతులో దిగులు నిజమైనదే.
మేమూ నిజంగానే అయ్యో అన్నాం.
లమారా వాడికో వాల్‌నట్ ఇచ్చింది.

జౌరి ఒకప్పుడు తెల్లార్లూ తుపాకులాట ఆడేవాడు,
చెవులకి హెడ్‌ఫోన్లు, గొంతు నిండా బూతులు.
ఇప్పుడు ఎడమచెయ్యి పాపది. మిగిలింది కుడి బొటనవేలు.
"ఏడుపు అందుకునే ముందు పిల్ల ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది.
ఆ క్షణంలో ఆపెయ్యగలగాలి.
అలా ఆగే ఆటలు తక్కువ, తెలుసా?"
ఒకటి దొరికిందట.
చంద్రుడి మీద ఒంటరి మెకానిక్,
మూడు వారాలుగా ఒకే తలుపు ముందు నిలబడి ఉన్నాడు.
"తలుపు వెనకాల ఏముంది?"
"ఏమో. పాపకి పళ్ళొస్తున్నాయి."

లమారాకి అరవై మూడు.
మేనల్లుడు వదిలేసిన పాత పెట్టె, దానికో స్టీరింగు.
"నిన్న లిస్బన్ వెళ్ళొచ్చాను," అంటుంది
కళ్ళజోడు తాడు సవరించుకుంటూ.
ఆమె జన్మలో తిబిలిసి దాటింది లేదు.
అదీ మినీబస్సులో, కిటికీ దక్కని మధ్య సీటులో.
"సరుకేంటి?"
"బఠానీలు. ఇరవై రెండు టన్నులు.
ఒక్క గింజ చెదరలేదు."
రోడ్డు మీద పురుగు లేకపోయినా
ఎర్రలైటు పడితే ఆగుతుందట.
అలా ఆగినప్పుడు ఆమె ఏమాలోచిస్తుందో
అడగాలనుకుని ఊరుకున్నాను.

"మరి నువ్వు?"

"నాకా? టైమెక్కడిది," అన్నాను
పిండి మీది గుడ్డ ఊరికే సర్దుతూ.

అబద్ధం ఆడి అర నిమిషం కాలేదు,
నా ఏప్రన్ జేబులో గంట మోగింది.
గంట వెనకే ఒక తియ్యటి గొంతు:
"మీ రొట్టెలు సిద్ధం!"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
బట్టీలో కట్టె ఒకటి విరిగి పడింది.

అవును, పన్నెండు గంటలు రొట్టెలు కాల్చి
ఇంటికెళ్ళి రొట్టెల కొట్టు నడుపుతున్నాను.
గులాబీరంగు కొట్టు. ఎనభై ఏడో లెవెల్.
పిండి చెప్పగానే పొంగుతుంది, చేతులు కాలవు,
వేళకి అందిస్తే కొనేవాళ్ళ తల మీద
చిన్న ఎర్రటి గుండె బొమ్మ లేస్తుంది.

లమారా అద్దాలు తుడుచుకుని అడిగింది:
"అక్కడ జీతమెంత?"
జౌరి అడిగాడు: "కనుబొమ్మలుంటాయా?"
నుక్రి నవ్వలేక గోడకి ఆనుకున్నాడు,
వీపంతా పిండి.
"ఆ కొట్టుకి ముల్లంగి కావాలేమో కనుక్కో," అన్నాడు,
"వచ్చే పంట నీకే."

ఈలోగా అసలు పిండి తొట్టి అంచు దాటేసింది.
లేచాం. జౌరి చేతులకి తడిగుడ్డ చుట్టుకుని
బావిలోకి వంగాడు.

ఆరింటికి కిటికీ దగ్గర మొదటి మనిషి,
కోటు కింద పైజమా, పలకరింపు లేదు.
రొట్టె వేడి అరచేతుల్లో అటూ ఇటూ మార్చుకుని
మెట్టు దిగకుండానే
దాని కొస ఫట్‌మని విరిచి నోట్లో వేసుకున్నాడు.
కళ్ళు మూసుకున్నాడు.

తల మీద ఏదైనా లేస్తుందేమోనని చూశాను.
ఆవిరి తప్ప ఏం లేదు.
చిల్లర లెక్కపెట్టాను.
పది తెత్రీలు తక్కువిచ్చాడు.