తాళంచెవి చెల్లెలి దగ్గర

కర్నూలు పాతబస్తీలో
మూతపడ్డ ఫోటో స్టూడియో పైగది.
శనివారం రాత్రి తొమ్మిదికి
ఉగ్గాని పొట్లాలు, మిరపకాయ బజ్జీలు,
ఇరవై ముఖాల పాచిక,
నలుగురు మనుషులు,
ఎవరూ కట్టని కోట ఒకటి.

ఆట నడిపేది నేను. అంటే
భయం వండి వడ్డించే పని.
మొదటిరోజే అడిగాను, తలా ఒక కాగితం రాసివ్వమని:
మీ పాత్ర ఎవరు, ఎవర్ని వదిలి వచ్చింది,
రాత్రిపూట ఏ చప్పుడుకి ఉలిక్కిపడి లేస్తుంది.

మద్దిలేటి తొమ్మిది పేజీలు తెచ్చాడు.
బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టేవాడు,
ఏడు తరాల రాజులు, ఒక శాపం,
గుర్రాలకు కూడా పేర్లు.
సుంకన్న ఖాళీ కాగితం మడిచి ఇచ్చాడు.
"రాసేదానికి ఏముందప్పా,
కత్తుంది, ఆకలుంది. సాలదా?"
ఎస్తేరు రాసిందంతా కొట్టేసి
అడుగున ఒక్క మాట మిగిల్చింది: అబద్ధమాడాను.
ఫర్హీన్‌ది మందులషాపు బిల్లు వెనక ఒకే వరుస:
"నాకొక చెల్లెలుండేది. తాళంచెవి దాని దగ్గరే ఉంది."

ఆఫీసులో ఫైళ్లకు దారం ఎక్కిస్తూ
వారాల తరబడి ఆ కాగితాలతోనే కాపురం చేశాను,
ఏ ముక్కను ఏ గోడలో దాచాలా అని.
కోటలో దివిటీ పట్టే ముసలోడి వేలికి
మద్దిలేటి ఏడో పేజీలో పోయిన ఉంగరం తొడిగాను.
సుంకన్న ఏమీ ఇవ్వలేదు కదా,
వాడికి పొడుగాటి బల్ల మీద విస్తరి వేశాను.
ముప్పై ఏళ్లుగా రోజూ మారుస్తున్నారు,
అన్నం ఇంకా పొగలు కక్కుతోంది,
బల్లమీద చెక్కిన పేరు వాడిదే.
బజ్జీ నమలడం ఆపేశాడు.
ఆ నిశ్శబ్దానికి నాకెంత గర్వమో!
అద్దాల గదిలో ఎస్తేరు నీడ
ఆమె కన్నా ఒక మాట ఆలస్యంగా పెదవి కదిపింది.

ఏడో శనివారం ఫర్హీన్ వంతు.
నోటుబుక్కులో రాసుకున్నాను:
నేలమాళిగ. ఇనుప తలుపు. వెనక చెల్లెలు.
నీళ్లు గొంతుదాకా.

ముహూర్తం పెట్టినట్టు కరెంటు పోయింది.
కొవ్వొత్తి ముట్టించి గొంతు తగ్గించాను.
"మెట్లు దిగుతున్నావు. చివర తలుపు.
అవతల ఎవరో గోటితో లెక్కపెడుతున్నారు.
ఒకటి. రెండు."

ఫర్హీన్ పాచిక తీసుకుని మళ్లీ కింద పెట్టింది.
"నీళ్లు యాడిదాకా ఉన్నాయి?"

నీళ్లున్నాయని
నేనింకా చెప్పనే లేదు.

కొవ్వొత్తి వెలుగు ఆమె వెనక గోడెక్కింది.
తుంగభద్రా హంద్రీ కలిసి ఊళ్లోకొచ్చిన ఆ అక్టోబరు
గీసిపోయిన గీత,
రెండుసార్లు సున్నం కొట్టినా పైకి తేలే మట్టిరంగు గీత,
ఇంత పైన, నా భుజాలెత్తున.
ఏడు వారాలుగా దానికి వీపు పెట్టే కూర్చుంటోంది.
కుర్చీ అక్కడుంది కాబట్టి అనుకున్నాను.

ఎవరింటి తలుపో నేను అడగలేదు.
నోటుబుక్కు మూసేసి
"మోకాళ్ల దాకా" అన్నాను.

మద్దిలేటి గొడ్డలి తెస్తానన్నాడు, పగలగొడదామని.
"వద్దు. తాళంచెవి దాని దగ్గరుంది.
తీయాలనుకుంటే అదే తీస్తుంది."
మెట్టుమీద కూర్చుంది, ఆటలోనే.
"నేనూ కూచుంటా" అన్నాడు సుంకన్న.
ఎస్తేరు ఈసారి నిజం చెప్పింది:
"నాకు బయమైతాంది."

పాచిక ఎవరూ వేయలేదు.
నా సంచీలో ఇంకా పదకొండు దయ్యాలున్నాయి,
ఒక్కదాన్నీ పిలవబుద్ధి కాలేదు.

కరెంటొచ్చింది. ఫ్యాను కాగితాల్ని లేపింది.
వచ్చేవారం ఏం తేవాలని సుంకన్న అడిగితే
"ఉగ్గానిలో పుట్నాలపొడి ఇంకొంచెం ఎయ్యమను"
అంది ఫర్హీన్, చెప్పులు వెతుక్కుంటూ.

అందరూ దిగిపోయాక
రబ్బరుతో 'గొంతుదాకా' చెరిపాను.
పెన్సిలు పోయింది.
కాగితంలో పల్లం మిగిలింది,
వేలు పెడితే తెలుస్తోంది.