తాడు మీద మూడు ముడులు

దోర్దోయ్ బజారులో దుకాణాలన్నీ ఇనుప పెట్టెలే.
ఒకప్పుడు ఓడలెక్కి తిరిగిన పెట్టెలట, సముద్రం లేని మా కిర్గిజ్ దేశానికొచ్చి
ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నాయి.
బురుల్కాన్ టీచరు ముందు నడుస్తోంది. వెనక నేను,
బడిలో పొయ్యి రాజేసేవాణ్ణి.
బేరమాడటం వచ్చని తోడు తెచ్చుకుంది.
ఆమె చేతిసంచిలో పదకొండు వేల సోములు,
ఊరందరి నోట్లు; కొన్నిటికి ఇంకా గొర్రె ఉన్ని వాసన.
నా జేబులో తాడు.

తాడు మీద మూడు ముడులు.
మొదటిది, గోడ నుంచి బల్ల దాకా.
రెండోది, గోడ మీద సున్నం పెచ్చులూడని మేర.
మూడోది ఎందుకేశానో కొండ దిగేలోపే మరిచిపోయాను.

మైరంబెక్ కొట్టులో అరచేతిలో ఇమిడే తెల్ల డబ్బా.
"తొమ్మిది వేల ల్యూమెన్లు అక్కా, సూర్యుడికి తమ్ముడు!"
అంటూ తలుపు దగ్గరకు లాగాడు.
చీకట్లో బొమ్మ బాగానే ఉంది.
చీకట్లో ఏది బాగుండదు?
"తలుపు తియ్యి" అంది టీచరు.
పగలు లోపలికి రాగానే
తెర మీది గుర్రం పాలలో చక్కెరలా కరిగిపోయింది.
మాటలు కోటలు దాటుతున్నాయి,
వెలుగు గడప దాటడం లేదు,
అనుకున్నాను గానీ అనలేదు.

పక్క కొట్టువాడికి నా తాడు చూపించాను.
ఇంత వెడల్పు బొమ్మ రావాలి, ఎంత దూరం జరపాలి?
ప్రొజెక్టరు పట్టుకుని వెనక్కి నడిచాడు, నడిచాడు,
కొట్టు దాటాడు, సందు దాటాడు,
ఎదురుగా మాంసం సమోసాలమ్మే ముసలమ్మ పొయ్యికి వీపు తగిలి ఆగాడు.
మా బడిలో అంత వెనక్కి జరిగితే
టీచరు మంచులో నిలబడి పాఠం చెప్పాలి.

ఇంకోటి వెలుగులో నిలిచింది, దూరమూ కుదిరింది,
కానీ దాని ఫ్యాను!
టీచరు చెవి ఆనించి విని
"ఇది నాకంటే గట్టిగా మాట్లాడుతోంది" అని దించేసింది.

చివరి వరుసలో సైకాల్ అనే ఆమె
మూతబడ్డ ఏదో ఆఫీసు సామాను అమ్ముతోంది.
నల్లటి బరువైన పెట్టె, ఒళ్ళంతా గీతలు.
మేం అడక్కుండానే తలుపు బార్లా తీసింది.
వెనక నిలబడి చదివాను, చిన్న అక్షరాలు కూడా.
కుడి మూల మాత్రం ఒక తెల్ల చుక్క, కదలదు, ఆరదు.
"లోపల చిట్టి అద్దం ఒకటి చచ్చింది" అంది.
"ఒకటి పోతే మిగతావి ఊరుకోవు. ఏడాదికి ఇంకో నాలుగు."
దీపం ఎన్ని గంటలు వెలిగిందో అదీ తెర మీద చూపించింది.
పదివేల ఆరువందలు.

నేను గొంతు సవరించుకున్నాను.
టీచరు నా చెయ్యి నొక్కింది.
తప్పు తానే చెప్పినదాని దగ్గర బేరమేమిటట.
అయినా కేబుల్ ఊరికే ఇవ్వమన్నాను.
పొయ్యివాడికి ఆ మాత్రం పరువుండాలిగా.

మొదటి రోజు సముద్రం చూపించింది.
పిల్లలు కాసేపు ఊపిరి మరిచారు.
తర్వాత కాలిస్ లేచి, "ఆ చుక్క పడవా?"
"కాదు. చచ్చిన అద్దం" అంది టీచరు. ఆమె అంతే.
అయినా పిల్లలు వింటారా?
పటంలో దాన్ని ఊరు చేశారు, గుండె బొమ్మలో బెజ్జం చేశారు.
లెక్కల్లో మాత్రం అది దశాంశ బిందువై కూర్చుని
ఇద్దరి మార్కులు తిన్నది.
ఇప్పటికి చుక్కలు మూడు.
రోజూ పొద్దున్నే లెక్కపెట్టే పని కాలిస్‌దే.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గోడ మీద పడ్డప్పుడు
గుర్తొచ్చింది మూడో ముడి:
కిటికీ వెడల్పు. తెరగుడ్డ కొనడానికి.

మిగిలిన నాలుగు వందలూ తిరుగు బస్సుకే చాలలేదు.
కిటికీకి ఇప్పుడు మా ఇంటి దుప్పటి వేలాడుతోంది.
మా ఆవిడ ఇంకా పెట్టెల అడుగున వెతుకుతోంది.