తొక్కు, దక్కూస్

మొదటి రకం టమాటలు
తెల్లారకముందే ట్రక్కెక్కి పోయినయి.
రెండో రకం పదిగంటలకు.
మిగిలినయి మాయి:
తొడిమె కాడ పగిలినయి,
చీమ కొరికినయి,
ఎవ్వని తూకంలకూ రానియి.

వఫ్రాల మార్చి నెల
పాత బాకీ తీర్చేటోని లెక్క వస్తది.
అన్నీ ఒక్కసారే చేతుల పెట్టి
మొకం చూడకుంట పోతది.
ఉల్లాకు, జర్జీరు, కొత్తిమీర,
వేలెడు పొడుగు పచ్చిమిర్చి,
ఇంకా గింజ కట్టని లేత వంకాయ.
మే నెలల షెడ్ల మీది ప్లాస్టిక్ ఇప్పేస్తరు.
అటెన్క ఇసుక, మేము, నీళ్ళ ట్యాంకరు.

శుక్రారం. పోర్టకేబిన్ ఎనుక
మూడిటుకల పొయ్యి.
గంగనర్సు వంకాయలు కాలుస్తుండు
మంట మీద కాదు, నిప్పుల మీద.
పొట్టు నల్లగై ముడతలు పడేదాక
ముట్టినోని చెయ్యి మీద ఒక్కటేస్తుండు.

రోలు లేదు,
స్టీలు బకెట్ తోమినం.
రోకలి లేదు,
విరిగిన పార కట్టె కొన
నున్నగ చెక్కి, ఉడుకునీళ్ళల్ల ముంచినం.

చింతపండు ఒడిసి నెలైంది.
మిసిరి శాబాన్ తన డబ్బలకెల్లి
ఎండి నల్లబడ్డ నిమ్మకాయ తీసిండు.
చెవు కాడ ఊపితే గలగలమన్నది.
గిది పులుపేనా అని గంగనర్సు అనుమానం.
ఇంత చిదిమి నాలుక కొనకు పెట్టుకున్నడు.
కండ్లు మూసుకున్నడు.
మల్లేం అనలే.

జిలకర, ఎల్లిగడ్డ, దొడ్డుప్పు.
మిర్చి కాలిన ఘాటుకు
పక్క ఫారం బెంగాలోళ్ళు దగ్గుకుంట వచ్చిండ్రు.
తిట్టనీకి వచ్చినోళ్ళు
రొట్టెలు తెచ్చుకొని కూసున్నరు.

నేను దంచుతుంటే శాబాన్ అడిగిండు,
దీని పేరేంది?
తొక్కు, అన్న.
దక్కూస్, అన్నడు.
కాదు, తొక్కు.
అదే, దక్కూస్. కువైటోళ్ళు గట్లనే అంటరు.
దక్ అంటే
అని ఆగి, మాట దొరకక,
పిడికిలి తోటి అరచేతుల కొట్టి చూపిచ్చిండు.
దంచుడు.

నా చేతుల కట్టె ఆగింది.
తొక్కుడంటే మా తాన గూడ గదే పని.
పన్నెండేండ్ల సంది
వాని మాట నాకు, నా మాట వానికి
తునకలు తునకలుగనే అందినయి:
పైపు, నీళ్ళు, జల్ది, జీతం, రేపు.
ఇయ్యాల ఒక్కటి పూరాగ దొరికింది
బకెట్ అడుగున, గింజలతోటి.

వాడు మల్లొకసారి అన్నడు, తొక్కూస్.
బెంగాలోళ్ళు నవ్విండ్రు.
నేను నవ్వలే. బానే ఉన్నదనిపిచ్చింది.

వంకాయది నిలువది, అప్పుడే ఊడ్సుక తిన్నం.
ఒట్టి టమాటది నూనెల మగ్గవెట్టి
ఆరు సీసాలకెత్తినం.
ఒకటి శాబాన్ మంచం కిందికి పోయింది.
గంగనర్సు గంటె నాకి
ఉప్పు తక్కువైందన్నడు.
గీటిల్ల ఒక్కటన్న ఆగస్టు నెల సూడాలె.
సూస్తదో లేదో.
ఇప్పటికే ఒకదాని మూత
ఎవ్వడో తీసి సరిగ పెట్టలే.