బ్రాకెట్లో ఒక మాట

మూడో అంకం. అక్కడ ఆమె మాట్లాడదు.
నాటకకర్త బ్రాకెట్లో ఒకటే మాట రాశాడు: నిశ్శబ్దం.
"ఎందుకు?" అన్నాను.

బజారు గైడు వల్లెవేసిన గొంతులు
ప్రతీక అన్నాయి, పరాయీకరణ అన్నాయి.
కిటికీ ఊచల మీద
వాల్తేరు గాలి తెచ్చిన తుప్పు.

వెనక బెంచీలో నూకరత్నం, జాలరిపేట పిల్ల,
చెయ్యెత్తకుండానే అంది:
"బోటు రాని రాత్రి మాయమ్మ
తోమిన గిన్నే మళ్లీ తోముతాది సార్.
అడిగితే ఎవులో ఒకలు సెప్పేత్తారని
అడగదు."

బోర్డు మీద నా నిర్వచనం సగంలో ఉంది.
సుద్దముక్క జేబులో వేసుకున్నాను.
"ఆ పేజీ మళ్లీ చదువుదాం."

ఎవరూ చదవలేదు కాసేపు.
హార్బరు వైపు ఏదో ఓడ కూత.
అది పుస్తకంలో లేదు.
అయినా ఒకరిద్దరు నోట్సులో రాసుకున్నారు.