ఇరవై ఎనిమిదో రోజు

పగలు నా పని కాంక్రీటు దిమ్మల్ని పగలగొట్టడం.
గాజువాక ఆటోనగర్‌లో, రేకుల షెడ్డు కింద,
ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానిన దిమ్మని
మిషను దవడల మధ్య పెట్టి
ముల్లు ఎక్కుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాను.
టప్.
అంకె రాస్తాను. సంతకం పెడతాను.
దిమ్మ ఏనాడూ అబద్ధం ఆడలేదు.

రాత్రి కంచరపాలెం, పట్టాల పక్కన మేడ మీద గది.
అక్క కొడుకు లోహిత్ కుర్చీ జరిపి
"సుత్తి తీస్కో పిన్నీ" అంటాడు.
తెర మీద ఒక ఇల్లు. ఎవరిదీ కాదు.
లోపల పొయ్యి ఉంది, వండినవాళ్ళు లేరు.

నా చిన్నప్పుడు, పూర్ణా మార్కెట్ సందులో
గంటకి పది రూపాయల ఆటల్లో
గోడలు గోడలు కావు, గోడ బొమ్మలు.
బాంబు వేసినా మసి అంటేది కాదు.
మనిషి చచ్చేవాడు,
కిటికీ అద్దం చచ్చేది కాదు.

ఇప్పుడు స్తంభం మొదట్లో కొడితే
పైన దూలం ఒక్క క్షణం ఆలోచిస్తుంది.
బరువు దారి వెతుక్కుంటుంది,
పక్క గోడని అడుగుతుంది,
అది కాదంటే మెట్లని,
మెట్లూ మొహం తిప్పుకుంటే
అప్పుడిక దుమ్ము.
ఆ ఒక్క క్షణం కోసమే నేనిక్కడ కూర్చునేది.

తవిటమ్మ గారు, వాడి నాయనమ్మ,
చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడుగుతుంది:
"పగలగొట్టీడమేనా?
కట్టీదేటీ నేదా అందల?"
లేదత్తా, అంటాను.
ఆమె నవ్వదు.

హుద్‌హుద్ ఆదివారం మేమంతా మంచం కింద ఉన్నాం.
తలుపుకి బీరువా అడ్డం పెట్టి
చప్పుళ్ళు మాత్రం విన్నాం.
అది రేకు, ఇది చెట్టు, అదేంటో తెలీదు.
గాలి తగ్గాక గడియ తీస్తే
పడిపోయినవి కనిపించాయి,
పడటం మాత్రం మాకు దక్కలేదు.
పదేళ్ళు దాటినా
ఆ చప్పుళ్ళకి బొమ్మలు వెతుకుతున్నానేమో.

నిన్న రాత్రి ఇల్లంతా ఒలిచేశాం.
మూడు మూలలు పోయాయి. నాలుగోది మిగిలింది,
నా మణికట్టంత.
"దీన్ని ఒగ్గేయ్" అన్నాను.
పై అంతస్తు మొత్తం ఆ ఒక్క పుల్ల మీద ఆగింది.
లోహిత్ చూస్తున్నాడు. నేను చూస్తున్నాను.
పడలేదు.
నిజానికి నిలబడకూడదు.
ఆట రాసినవాడెవడో
లెక్కలో ఎక్కడో కాస్త జాలి కలిపాడు.

మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ ఉంది.
దాని దిమ్మలు పద్దెనిమిది దగ్గరే పగిలాయి.
కాగితం మీద ఇరవై ఏడు.
అంకె వాళ్ళది, సంతకం నాది.
గృహప్రవేశాలు అయిపోయాయి,
మూడో అంతస్తు బాల్కనీలో ఎవరో తులసి పెట్టారు.
బస్సు అటు వెళ్ళినప్పుడల్లా
నేను కండక్టరుతో చిల్లర గురించి మాట్లాడతాను.

కింద గూడ్సు బండి మొదలైంది.
గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.
తెర మీద ఇల్లు ఇంకా అలాగే ఉంది.
సుత్తి నా చేతిలోనే ఉంది.
"ఇంకెప్పుడు పడుద్ది పిన్నీ?"
అడుగుతున్నాడు వాడు,
ఎంతో ఇష్టంగా.